ఒకే ఒరలో వేల కత్తులు

ఆపరేటింగ్ సిస్టమ్‌ది స్వతహాగా జమీందారీ బుద్ధి. ప్రాసెసర్, మెమరీ, డిస్కులు సమస్తం తనవేనన్న ధీమాతోనే అది పని మొదలుపెడుతుంది. అలాంటివి రెండు ఒకే యంత్రంలో చేరితే? ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నది పెద్దల మాట. మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లు ఆ మాటను తిరగరాసి అర్ధ శతాబ్దం దాటింది.

ఐబీఎం 1964 ఏప్రిల్‌లో సిస్టమ్/360 శ్రేణిని ప్రకటించే నాటికి కంప్యూటర్ అత్యంత ఖరీదైన వస్తువు. దాన్ని ఒకేసారి పలువురు వాడుకునేదెలా అన్నదే అప్పటి పెద్ద ప్రశ్న. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఉన్న ఐబీఎం పరిశోధన కేంద్రంలో రాబర్ట్ క్రీసీ బృందం దీనికి విచిత్రమైన జవాబు చెప్పింది. ప్రతి వినియోగదారుకూ తనకో సొంత కంప్యూటర్ ఉందన్న భ్రమ కల్పిస్తే సరి. అలా పుట్టిన సీపీ-40 1967 జనవరిలో వాడుకలోకి వచ్చింది. ఒక్క యంత్రం మీద 14 వర్చువల్ యంత్రాలను నడిపింది. ఆ ఆలోచననే 1972 ఆగస్టులో వీఎం/370 పేరుతో ఐబీఎం ప్రకటించింది. నేటి జడ్/వీఎం దాని వారసురాలే.

కిటుకు సులువైనదే. అతిథి ఆపరేటింగ్ సిస్టమ్ జారీ చేసే సాధారణ ఆదేశాలు నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి. అందుకే వేగం పెద్దగా తగ్గదు. డిస్కును కదిలించడం వంటి అధికారిక ఆదేశం ఇవ్వబోతే మాత్రం హార్డ్‌వేర్ అడ్డుకుని, హోస్ట్‌ను పిలుస్తుంది. ఆ అతిథికి ఆ హక్కుందో లేదో చూసి, ఉంటే దాని తరఫున హోస్టే పని జరిపిస్తుంది. మధ్యలో ఇంత తతంగం నడిచినట్లు అతిథికి తెలియదు. ఈ కాపలా పనిలో చాలా భాగాన్ని 1980ల్లో హార్డ్‌వేరే నేర్చుకుంది.

డిస్కుల్లోనూ ఇదే మాయ. ఒక పెద్ద డిస్కును ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ ఒక్కో అతిథికి పూర్తి డిస్కుగా చూపుతారు. అసలు కార్డులు ఎప్పుడో కనుమరుగైనా, ప్రతి అతిథికీ ఓ వర్చువల్ కార్డ్ రీడర్ నేటికీ దక్కుతోంది. అందులోంచే లైనక్స్‌ను ఎక్కించడం పరిపాటి.

అయితే పంపకం ఉన్నచోట పేచీ తప్పదు. జడ్/వీఎంలో ప్రతి అతిథికీ వాటా నిర్ణయిస్తారు. మామూలుగా అది 100. 200 వాటా ఉన్నదానికి, ప్రాసెసర్ కోసం పోటీ వచ్చినప్పుడు రెట్టింపు సమయం దక్కుతుంది. పోటీ లేకపోతే ఎవరికి కావలసినంత వారు వాడుకోవచ్చు. ఎవరూ ముట్టని మెమరీ పేజీలను హోస్ట్ డిస్కుకు తరలిస్తుంది. అందుకే ఉన్న మెమరీ కంటే ఎక్కువ పంచగలుగుతుంది.

2000లో మెయిన్‌ఫ్రేమ్‌కు లైనక్స్ వచ్చాక ఈ సర్దుబాటుకు పరీక్ష ఎదురైంది. ఆ ఏడాది ఓ ప్రయోగంలో ఒకే మెయిన్‌ఫ్రేమ్ మీద 41,400 లైనక్స్‌లను నిలబెట్టారు. కానీ లైనక్స్ పెరిగింది ఒంటరి కాపురంలో. పని లేకున్నా సెకనుకు 100 సార్లు లేచి గడియారం చూసుకునేది. దాంతో అది తీరికగా ఉన్నా, హోస్ట్‌కు మాత్రం పనిలో ఉన్నట్లే కనిపించేది. ఖాళీ మెమరీ దొరికితే చాలు, ఫైళ్లతో నింపేసేది. ఒంటరిగా ఉన్నప్పుడు తెలివి అనిపించుకున్న ఈ అలవాట్లే ఉమ్మడి ఇంట్లో ఇరుగుపొరుగుకు బరువయ్యాయి. చివరికి గడియారం అలవాటు మాన్పించడానికి లైనక్స్‌నే సవరించారు. అడిగినంత కాకుండా అవసరమైనంత మెమరీయే ఇవ్వాలన్నది నిర్వాహకుల సూత్రమైంది.

వృథా కంటే పెద్ద ప్రశ్న నమ్మకం. హోస్ట్ కూలితే దాని మీదున్న అతిథులన్నీ కూలుతాయి. హోస్ట్ గోడకు బీటపడితే ఒకరి గుట్టు మరొకరికి తెలుస్తుంది. ఇది ఉత్త భయం కాదు. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు, వేగం కోసం ప్రాసెసర్ తీసుకునే అడ్డదారుల గుండా పక్కవారి రహస్యాలు జారిపోగలవని రుజువు చేశాయి. పలు కంపెనీల చిప్‌లకు హడావుడిగా మరమ్మతులు చేయాల్సి వచ్చింది.

ఈ గొడవ మెయిన్‌ఫ్రేమ్ నిపుణులకే పరిమితమనుకుంటే పొరపాటు. అమెజాన్ 2006లో అద్దెకివ్వడం మొదలుపెట్టిన సర్వర్లు కూడా వర్చువల్ యంత్రాలే. నేడు క్లౌడ్‌లో ఫోటో దాచుకునే విద్యార్థి నుంచి ఖాతాలు నడిపే కంపెనీ దాకా ముక్కూమొహం తెలియని వారితో ఒకే యంత్రాన్ని పంచుకుంటున్నవారే. పొరుగున ఎవరున్నారో వారికి తెలియదు. తెలియాల్సిన అవసరం రాకుండా చూడటమే హోస్ట్ బాధ్యత. కేంబ్రిడ్జి బృందం 14 యంత్రాలకు ఇచ్చిన హామీ అదే. ఇప్పుడు దాని మీద ఆధారపడింది కోట్లాది మంది.