మొక్కు తీరిస్తే గ్రాఫ్టు మూసుకుపోదా?

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మాదీ అలాంటి కుటుంబమే. మా లైనులో ఇద్దరు రిటైరైన ఉద్యోగులకి ఒకే ఏడాది బైపాస్ ఆపరేషన్ జరిగింది. ఒకాయన ఇప్పటికీ సైకిల్ మీద గోల్ బజార్ వెళ్ళి కూరగాయలు తెస్తాడు. రెండో ఆయన మూడేళ్ళు తిరక్కుండానే మళ్ళీ ఛాతీ నొప్పి వచ్చి చనిపోయాడు. దినాల రోజు ఒక ముసలావిడ ఆయన భార్య ఎదుటే, "పైడితల్లి మొక్కు తీర్సనేదు, అందుకే ఇలగైపోనాది" అంది. ఆ మాట పిన్ని నమ్మేసింది కూడా.

అసలు విషయం చూద్దాం. బైపాస్ రోగాన్ని తీసెయ్యదు. మూసుకుపోయిన చోటు దాటి రక్తానికి కొత్త దారి వేస్తుంది, అంతే. ఆ దారి ఎన్నాళ్ళు నిలుస్తుందనేది అవతల కుట్టిన రక్తనాళం మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. అడ్డంకికి అవతల నాళం వెడల్పుగా, శుభ్రంగా ఉంటే రక్తం సాఫీగా పోతుంది. నాళం సన్నబడి చివరిదాకా కొవ్వు పేరుకుని ఉంటే, కుట్టడానికే చోటు దొరకదు. కుట్టినా రక్తం పోయే దారి లేక గ్రాఫ్టు మూసుకుపోతుంది. షుగర్ రోగుల్లో ఇలాంటి నాళాలు ఎక్కువ.

కుట్టే నాళం కూడా ముఖ్యమే. కాలి నుంచి తీసిన సిరల్లో పదేళ్ళకి దాదాపు సగం పాడైపోతాయి. గుండె ముందు భాగానికి రక్తమిచ్చే నాళానికి ఛాతీ లోపలి ధమనిని కలిపితే, పదింట తొమ్మిది పదేళ్ళ తరువాత కూడా పనిచేస్తూనే ఉంటాయి. దీనివల్ల ఆయుష్షు పెరుగుతుందని 1986లోనే క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు చూపించారు.

మరి ప్రార్థన సంగతి? దాన్నీ పరీక్షించారు. 2006లో అమెరికాలో 1802 మంది బైపాస్ రోగుల మీద చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. తమ కోసం ప్రార్థిస్తారో లేదో తెలియని వాళ్ళలో, ప్రార్థన జరిగినవాళ్ళకి 52 శాతం, జరగనివాళ్ళకి 51 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి. తమ కోసం ప్రార్థిస్తున్నారని తెలిసిన వాళ్ళలో 59 శాతం!

మన దేశంలో మొదటి బైపాస్ 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. ఎక్కడో తెలుసా? మద్రాసు పెరంబూర్ రైల్వే ఆసుపత్రిలో. అలాంటి రైల్వే కుటుంబాల్లో ఇప్పటికీ మొక్కుల లెక్కలే!

"అయితే తలరాత పోయి రక్తనాళాల రాత వచ్చిందా?" అని ఎవరైనా అడగొచ్చు. కాదు. గుండె పంపు బలం, కిడ్నీలు, షుగర్, పొగ తాగడం, మందులు మానెయ్యడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. వీటిలో కొన్ని మన చేతిలోనే ఉన్నాయి. మొక్కుకి ఆ లెక్కలో చోటు లేదు.

బాబాయి యాంజియోగ్రాం రిపోర్టు పిన్ని బీరువాలోనే ఉంది. నాళాలు సన్నగా, పొడవునా చెడిపోయి ఉన్నాయని అందులో రాసి ఉంది. ఆపరేషన్‌కి ముందు ఆ ఒక్క వాక్యం ఆమెకి ఎవరూ విప్పి చెప్పలేదు. డాక్టర్లు చెప్పకుండా వదిలేసిన ఖాళీలోకే మొక్కు వచ్చి కూర్చుంటుంది. అందుకే ముందే అడగండి: ఎన్ని నాళాలు మూసుకున్నాయి, అవతలి భాగం బాగుందా, ఛాతీ ధమని వాడతారా?

నేను రిపోర్టు చదివి వివరించాక పిన్ని చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "అయితే నా తప్పు కాదా నాయనా?" అంది.

కాదు పిన్నీ.