కషాయం కూడా మందేనమ్మా!

ఈ వారం కూరలూ పచ్చళ్ళూ కాదు, పొద్దున్నే మన పొయ్యి మీదకెక్కే ఇంకో గిన్నె గురించి చెప్పాలనుకుంటున్నాను. జలుబు చేస్తే తులసి, కడుపు ఉబ్బరిస్తే వాము, దెబ్బ తగిలితే పసుపు. అమ్మమ్మలు నేర్పిన ఈ చిట్కాలు మీరూ చేస్తారు, నేనూ చేస్తాను. వాటిని కాదనడానికి నేనెవర్ని? కానీ మన కోటలో పెరిగిన తులసి వేరు, ఏ గట్టు మీదనో ఎవరో కోసుకొచ్చిన తీగ వేరు. ఆ తేడా నాకు మా వదినగారి జబ్బుతో తెలిసొచ్చింది.

2020 కరోనా రోజులు గుర్తున్నాయి కదా! అప్పట్లో ఎవరి నోట విన్నా తిప్పతీగే. మాకు పాలు పోసే అబ్బాయి కాలవ గట్టు మీద నుంచి ఓ మోపు తీగ తెచ్చిచ్చాడు. ఆకులు తమలపాకుల్లా ఉన్నాయి, ఇంకేం, తిప్పతీగే అనుకున్నాను. కాడలు దంచి, శొంఠి, మిరియాలు వేసి, నాలుగు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి ఇంటిల్లిపాదికీ పరగడుపునే ఇచ్చేదాన్ని. మావారు చేదంటూ నాలుగోరోజే మానేశారు. పిల్లలు పూలకుండీలో పారబోసేవారట, తర్వాత తెలిసింది. మావారి అక్కగారు ఆ రోజుల్లో మా ఇంట్లోనే ఉండిపోయారు. ఆవిడ మాత్రం "నువ్వింత శ్రద్ధగా చేస్తుంటే తాగకపోతే ఎట్లా అమ్మాయ్" అంటూ రెండు నెలలపాటు ఒక్కరోజు కూడా తప్పకుండా తాగారు.

మెల్లగా ఆవిడకి అన్నం సయించకుండా పోయింది. ఒకటే నీరసం. ఒకరోజు జడ వేస్తూ చూద్దును కదా, కళ్ళు పచ్చగా ఉన్నాయి! "కామెర్లు. పసరు మందు పోయిస్తే మూడు రోజుల్లో దిగిపోతాయి" అన్నారు ఎదురింటి పిన్నిగారు. అత్తయ్యగారూ సరేనన్నారు. మావారు ఒప్పుకోక ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

"ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగారు డాక్టరుగారు. "థైరాయిడ్ మాత్ర ఒక్కటేనండీ" అన్నాను. అబద్ధం ఆడాలని కాదు, నా లెక్కలో కషాయం మందే కాదు మరి! "ఆకులు, కషాయాలు, పొడులు ఏవైనా?" అని ఆయన గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాను. రక్తపరీక్షల్లో అవి వైరస్ కామెర్లు కావని తేలింది. కషాయం ఆపించి మందులిచ్చారు. కాలేయం మామూలు కావడానికి మూడు నెలలు పట్టింది. దానిమీద పసరు కూడా పోయించి ఉంటే ఏమయ్యేదో! వదినగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాకే ఆ మూడు నెలలూ కంటిమీద కునుకు లేదు.

తర్వాత తెలిసింది, ఇది మా ఒక్కరింట్లో జరిగింది కాదని. 2020 చివర్లో ముంబయిలో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని అక్కడి డాక్టర్లు 2021లో వైద్య పత్రికలో రాశారు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ఆయుష్ శాఖ, తిప్పతీగ మంచిదే కానీ అచ్చం అలాగే ఉండే టినోస్పోరా క్రిస్పా అనే తీగ హాని చేయవచ్చని హెచ్చరించింది. అసలు తిప్పతీగే కొందరికి పడలేదని కాలేయ వైద్యులు అంటున్నారు. ఆ వాదన పెద్దలు తేల్చుకుంటారు. మా వదినగారు తాగింది ఏ తీగో మాకు ఇప్పటికీ తెలియదు. దంచి పారేసిన పిప్పిని ఎవరు దాస్తారు చెప్పండి?

అందుకే ఈ మాటలు గుర్తుంచుకోండి.

● ఆకు పోలిక చూసి నమ్మకండి. తిప్పతీగను పోలిన ఆ రెండో తీగ కాడ మీద బుడిపెలు ఉంటాయి. అయినా ఎండు ముక్కలు, పొడి చూసి గుర్తుపట్టడం మనవల్ల కాదు. నేల ఉసిరిని పోలిన మొక్కలూ రెండు మూడు ఉన్నాయి.

● మురుగు కాలవల పక్కన, పురుగుమందు కొట్టిన చేల గట్ల మీద పెరిగినవి కోయవద్దు.

● ఉమ్మెత్త, గన్నేరు, గురివింద గింజ, అడవినాభి దుంప విషాలు. ఎవరెంత చెప్పినా ఇంట్లో మందుగా చేసి కడుపులోకి పంపకండి. పొరపాటున పిల్లలు నోట్లో పెట్టుకుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ మొక్క ముక్కను కూడా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

● గర్భిణులు, బాలింతలు, చంటిపిల్లలు, థైరాయిడ్, షుగరు, కాలేయం, కిడ్నీ జబ్బులున్నవారికి డాక్టరును అడక్కుండా ఏ కషాయమూ వద్దు. షుగరు మాత్రలతోపాటు తిప్పతీగ తాగితే షుగరు మరీ పడిపోవచ్చు.

● ఆకలి చచ్చిపోయినా, ఒళ్ళు దురద పెట్టినా, మూత్రం ముదురు పసుపుగా వచ్చినా, కళ్ళు పచ్చబడినా కషాయం ఆపి ఆస్పత్రికి వెళ్ళండి. తాగిందేమిటో డాక్టరు అడిగినా అడక్కపోయినా మీరే చెప్పండి. తిడతారని దాచకండి.

వదినగారు ఇప్పుడు కులాసాగా ఉన్నారు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు వంటింట్లోకి తొంగిచూసి "ఏం అమ్మాయ్, ఇవాళ కషాయం లేదా?" అని నవ్వారు. అల్లం టీ పెట్టి ఇచ్చాను. మీ ఇంట్లో పొద్దున్నే పొయ్యి మీద ఏం మరుగుతోందో ఓసారి చూసుకోండి మరి. వచ్చేవారం కలుద్దాం!