రెట్టింపు లెక్క... తస్మాత్ జాగ్రత్త!

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే కోచింగ్ సెంటర్ల కరపత్రాలతో పాటు మరో కాగితం చేతికొచ్చింది. 'మీరు ఇద్దర్ని చేర్పించండి. ఆ ఇద్దరూ చెరో ఇద్దర్ని. అంతే... మీ ఇంట్లో కనకవర్షం!' తీరా చూస్తే, ఎల్బీనగర్‌లో ఉండే మా పిన్ని అప్పటికే అందులో కట్టడానికి డబ్బు తీసి పెట్టుకుంది. 'ఇద్దరే కదరా, ఎంతసేపు!' అంది.

నిజమే, ఇద్దరే. కానీ ఈ రెట్టింపు ఎంత దూరం పోతుందో తెలుగువారికి ఏనాడో తెలుసు. పదకొండో శతాబ్దపు కవి పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత 'గణితసార సంగ్రహా'న్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన పేరున ఓ చదరంగం లెక్క ఉంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని? జవాబు 18446744073709551615.

ఇరవై అంకెలు! వాటిని పద్యంలో ఇమడ్చటానికి అంకెలకు బదులు మాటలు వాడారు. శశి అంటే 1, అగ్ని 3, వేదాలు 4, గగనం 0. మొదటి మాట ఒకట్ల స్థానం. అక్కణ్నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి. మామూలు క్యాలిక్యులేటర్ తెర మీద ఇన్ని అంకెలు పట్టవు. పద్యంలో ఒక్కటీ జారిపోలేదు.

ఇన్ని గింజలంటే ఎంత బియ్యం? కిలోకి నలభై వేల గింజలనుకుంటే దాదాపు 46 వేల కోట్ల టన్నులు. ఇప్పటి దిగుబడి ప్రకారం ప్రపంచమంతా సుమారు తొమ్మిది వందల ఏళ్లు పండించాలి.

ఈ సంఖ్యలో ఇంకో తమాషా ఉంది. దీన్ని విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యలొస్తాయి. వీటిలో 641నీ 6700417నీ గుణిస్తే 4294967297. అది ప్రధాన సంఖ్యేనని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. కాదు, 641తో నిశ్శేషంగా భాగించొచ్చని 1732లో ఆయిలర్ తేల్చాడు. మహామహుల అంచనాలే తప్పాయి, మనమెంత!

అసలు కీలకం మాత్రం వేరే. ఏ గడిలోని గింజలైనా, అంతకుముందు గళ్లన్నీ కలిపిన దానికంటే ఒకటి ఎక్కువ. పిన్ని పక్కన కూర్చుని పెన్సిల్‌తో వేసి చూపించాను. పది వరుసలకు 1,023 మంది. ఇరవైకి 10,48,575. ముప్ఫై ఒకటో వరుసకు 214 కోట్లు దాటుతారు. మన దేశంలో అంతమంది లేరు! అంటే గొలుసు ఎక్కడో తెగాల్సిందే. తెగిన రోజున ఆఖరి వరుసలో ఉన్నవాళ్లు, పైనున్న వాళ్లందరికంటే ఒకరు ఎక్కువ. అంటే సగానికి పైగా జనం డబ్బు కట్టి, ఒక్కరినీ చేర్పించలేక మిగిలిపోతారు.

'అంటే నా కింద చేరేది పక్కింటి వాళ్లేగా... వాళ్ల ఉసురెందుకు!' అంది పిన్ని.

డబ్బు మళ్లీ బియ్యం డబ్బాలోకి వెళ్లిపోయింది.