బాలుర బొమ్మచీట్లు: వాని వెల, వాని విలువ



పండుగ వచ్చుచున్నదనగా మన యిండ్లలో అటకమీది సామాను దింపి, పెట్టెలు దులిపి, పనికిరానివానిని పాతసామానులవానికి వేయుట వాడుక. అట్టి సమయమున ఏ చెప్పుల అట్టపెట్టెలోనో రబ్బరుపట్టీ చుట్టిన చీట్లకట్ట యొకటి బయటపడుచుండును. చీటి కొకవైపున క్రికెటు ఆటగాని బొమ్మ. ఆడిన ఆటలు, చేసిన పరుగులు, తీసిన వికెట్లు అంకెలలో నుండును. పిల్లలు వీనిని కార్డులందురు. "ఈ చెత్త యింక నెందుకు?" అని తల్లి యనును. నలువదియేండ్లు వచ్చి వేరొక యూర నుద్యోగము చేయుచున్న కుమారుడు ఫోనులోనే "అమ్మా, పారవేయవద్దు" అనును. తల్లికి తోచని విలువ కుమారున కేమి తోచినది? ఈ నెల ఆ ముచ్చట చెప్పుకొందము.

ఈ చీటి పుట్టినది ఆటస్థలమున కాదు, పొగాకు వ్యాపారమున. 1880 తరువాతి దశాబ్దమున అమెరికాలో సిగరెట్లను పలుచని కాగితపు పొట్లములలో నమ్మెడివారు. లోపలి సిగరెట్లు నలిగిపోకుండ అందొక అట్టముక్క నుంచిరి. వట్టి అట్ట యేల యని దానిపై బొమ్మ యచ్చువేసిరి. వర్జీనియా రాష్ట్రమందలి రిచ్మండు పట్టణపు అలెన్ అండ్ గింటర్ కంపెనీవారు బేస్‌బాల్ ఆటగాండ్రను, మల్లురను, ముష్టియుద్ధము చేయువారిని ఏబది చీట్లుగా నచ్చువేసిరి. ఇంగ్లండులో విల్స్ కంపెనీవారు 1896లో ఏబదిమంది క్రికెటు ఆటగాండ్ర చీట్లను వెలువరించిరి. మన దేశమునుండి పోయి ఆ దేశమున పేరుగాంచిన రంజిత్‌సింహజీ బొమ్మయు ఆ కాలపు చీట్లపై కనబడును. వరుసలోని చీట్లన్నియు కూడబెట్టవలెనన్న ఆశ పిల్లలకు. ఆ యాశచే తండ్రి అదే రకపు సిగరెట్టు మరల మరల కొనునన్న ఆశ కంపెనీకి.

ఈ కథ మన నేలకు దూరమైనది కాదు. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ నెలకొన్నది. దాని పొగాకు కొనుగోలునకై 1912లో గుంటూరు కేంద్రముగా ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వెలసినది. 1920 తరువాత మన నల్లరేగడి చేలలో వర్జీనియా పొగాకు వ్యాపించి, ఊరూర బ్యారన్లు లేచినవి. ఆకును రంగు చూచి, వన్నె చూచి వేరుచేయు పనిలో గుంటూరు, చీరాల ప్రాంతముల స్త్రీల చేతులే యెక్కువగా నరిగినవి. ఆ యాకు ఇంగ్లండునకు ఎగుమతి యగుచున్న దినములలోనే అక్కడి బాలురు వీథిలో సిగరెట్టు ముట్టించిన ప్రతివానిని నిలిపి, "అయ్యా, చీటి యున్నదా?" యని యడుగుచుండిరి. బిడ్డ చేతిలోని బొమ్మ వెనుక మరియొకచోటి తల్లి చేతి శ్రమ యున్నదని ఆ బిడ్డ లెట్లెరుగుదురు? 1940లో, యుద్ధకాలమున, కాగితపు దుర్వ్యయమని బ్రిటను ఈ చీట్లను నిలిపివేసినది.

మన పల్లెల బాలురకు బొమ్మచీటి చిక్కకున్నను ఖాళీ సిగరెట్టుపెట్టె చిక్కినది. చార్మినార్, సిజర్స్, బర్కిలీ పెట్టెల అట్టలను కిళ్ళీకొట్టుల ముందర ఏరి, చదునుచేసి, కట్టలు గట్టెడివారు. నేలపై గిరి గీసి, అందు అట్టలు పేర్చి, దూరమునుండి పలకరాతితో కొట్టి, గిరి దాటించినవి గెలుచుకొనెడివారు. ఊరిలో అందరు త్రాగు సిగరెట్టు పెట్టెకు వెల తక్కువ. ఎవరో పట్టణమునుండి తెచ్చిన పెట్టెకు వెల యెక్కువ. అరుదైనదానికి ధర హెచ్చునను అర్థశాస్త్రమును ఆ పిల్లలకు ఎవరును నేర్పలేదు, ఆటయే నేర్పినది.

అమెరికాలో పొగాకును విడిచి చీటి నమలు బంకను, అనగా బబుల్ గమ్మును, ఆశ్రయించినది. టాప్స్ అను కంపెనీ 1952లో 407 చీట్ల బేస్‌బాల్ వరుసను వెలువరించినది. ఆ యేడు అమ్ముడుపోక మిగిలిన కట్టలను 1960లో పడవకెత్తి అట్లాంటిక్ సముద్రమున పారబోయించితినని, ఆ చీట్లను రూపొందించిన సై బెర్గర్ తరువాత చెప్పెను. ఇండ్లలోని చీట్ల గతియు అంతే. పిల్లలు వానిని సైకిలు చక్రపు ఊచల నడుమ బిగించి టకటక లాడించిరి. పెద్దవారై పై చదువులకు పోగా తల్లులు చెత్తతోపాటు పారవేసిరి.

మన వైపునకు ఆటగాండ్ర చీట్లు నిజముగా వచ్చినది 1983లో భారతజట్టు ప్రపంచకప్పు గెలిచిన పిమ్మట. 1987లో ఆ పోటీలు మన దేశముననే జరిగినవి. బిగ్ ఫన్ అను బబుల్ గమ్ముతో ఆటగాండ్ర చీట్లు రాజొచ్చెను. వానిపై పరుగులు, వికెట్లు అచ్చై యుండెడివి. నిర్ణీతసంఖ్య కూడినచో కానుక లభించెడిది. ఆ తరువాతి దశాబ్దమున ట్రంపు కార్డులు వచ్చినవి. క్రికెటు కట్టలు కొన్ని, అమెరికా కుస్తీవీరుల కట్టలు కొన్ని. ఇద్దరు కూర్చుండి చీట్లు పంచుకొని, పైచీటి చూచి ఒకడు "పరుగులు" అనును. ఎవని చీటిలో అంకె పెద్దదో వానిదే రెండవవాని చీటి. లెక్కలపుస్తకము తెరువని బాలుడు సైతము ఏ చీటిలో ఏ యంకె బలమైనదో కంఠస్థము చేసెడివాడు. వేసవిసెలవులలో మిరపకల్లముల చెంత వేపచెట్టు నీడనో, ప్రత్తిబోరెముల ప్రక్కనో ఈ యాట సాగినది.

1996లో ప్రపంచకప్పు మరల మన దేశమునకు వచ్చినది. హైదరాబాదునను, విశాఖపట్టణమునను పోటీలు జరిగినవి. ఆ యేటి పోటీలకు పేరు విల్స్ ప్రపంచకప్పు! 1896లో చీటిపై ఆటగాని బొమ్మ వేసిన పేరే, సరిగా నూరేండ్లకు, ఆటకే తలపాగ యైనది. 2001లో ఆ సిగరెట్టు కంపెనీ క్రికెటు పోషణనుండి తొలగినది. 2003 నాటి చట్టము పొగాకు ప్రకటనలను నిషేధించినది. పొగాకునకును ఆటకును గల చుట్టరికము అంతటితో తెగినది.

ఇక ఈ వేడుక ఎట్లు క్షీణించినదో చూతము. ఇది గుంటూరు మిర్చియార్డు నెరిగినవారికి వేరుగా బోధింప నక్కరలేని విషయము. ఒక యేడు మిరపకు ధర వచ్చును, మరుసటి యేడు అందరును మిరపయే వేయుదురు, శీతలగిడ్డంగులు నిండును, ధర కూలును. 2017 వేసవిలో నిట్లే ధర పడిపోగా, క్వింటాలు 5,000 రూపాయల చొప్పున కొనుటకు కేంద్రప్రభుత్వము అంగీకరింపవలసివచ్చెను. అమెరికాలో చీట్లకు జరిగినదియు నిదియే. తల్లులు పారవేయగా మిగిలిన పాతచీట్లు అరుదై, వానికి వేలకు వేలు ధర పలుకుచున్నదని 1980 తరువాత లోకమునకు తెలిసినది. ధరల పట్టికలు నెలనెల వెలువడినవి. అంతట ప్రతి తండ్రియు కొడుకు చదువునకు పనికివచ్చునని పెట్టెలకు పెట్టెలు కొని, విప్పకుండనే దాచెను. కంపెనీలును లెక్కకు మిక్కిలిగా నచ్చువేసినవి. 1994లో బేస్‌బాల్ ఆటగాండ్రు సమ్మె చేయగా ఆ యేటి ఛాంపియను పోటీలే ఆగిపోయినవి; చీట్లపై మోజు తగ్గినది. దాచినవారందరు ఒక్కసారి అమ్మజూడగా కొనువారు లేకపోయిరి. అందరు దాచినది అరుదెట్లగును?

ఇందొక వింత గలదు. నేడు ధర పలుకు పాతచీట్లు ధరకొరకు దాచినవి కావు. 1952 నాటి టాప్స్ వరుసలోని మికీ మాంటిల్ చీటి యొకటి 2022 ఆగష్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు, అనగా సుమారు నూరుకోట్ల రూపాయలకు అమ్ముడైనది. 1909 మొదలు 1911 వరకు సిగరెట్లతో వచ్చిన హోనస్ వాగ్నర్ చీటి యొకటి అదే నెలలో 72 లక్షల 50 వేల డాలర్లు తెచ్చినది. వాగ్నర్ తన బొమ్మ సిగరెట్టుపెట్టెలో నుండుటకు ఒప్పుకొనక యచ్చు నిలుపు చేయించెననియు, బాలురు దానికొరకై పొగాకు కొందురని యాతడు జంకెననియు కొందరు చెప్పుదురు. తగిన పైకము ముట్టనందున ననియు మరికొందరందురు. ఏది యేమైనను, వద్దన్న చీటికే నేడు వెల హెచ్చినది!

మన వైపున ఈ వేడుక క్షీణించిన తీరు వేరు. ఇచట చీట్లను ధరకై దాచినవారు అరుదు; కాలమే వానిని మరపించినది. టెలివిజనులో రోజున కొక ఆట వచ్చినది. చేతికి సెల్‌ఫోను వచ్చినది. ఐ.పి.ఎల్. పోటీలు 2008లో మొదలైన పిమ్మట టాప్స్‌వారు క్రికెట్ అటాక్స్ అను చీట్లను మన దేశమున నమ్మిరి గాని, పూర్వపు మోజు రాలేదు. అంకెలు చూచుటకు ఇప్పుడు చీటి యక్కరలేదు. ఫోనులో క్షణక్షణము మారు అంకె లుండగా అచ్చైన యంకె పాతబడును. ఎదురుగా మరియొక బాలుడు కూర్చుండవలసిన పనియు లేకపోయినది.

పైకము పెట్టి ఆటగాండ్ర నెన్నుకొను ఫోనుపోటీలును వచ్చినవి. పైకముతో ముడిపడిన ఆన్‌లైను ఆటలు ఎన్ని కుటుంబములను కుదిపినవో ఈ ప్రాంతపు తల్లులకు నేను చెప్పనేల? మన రాష్ట్రప్రభుత్వము 2020లో ఆన్‌లైను జూదమును నిషేధించినది. 2025 ఆగష్టులో పార్లమెంటు పైకముతో నాడు ఆన్‌లైను ఆటలన్నిటిని నిషేధించు చట్టము చేసినది. చట్టము చేయగలిగినది చట్టము చేయును. ఇంటిలో కనిపెట్టవలసినది మనము.

కనిపెట్టుట కొక గురుతు చెప్పెదను. చీట్ల యాటలో ఓడిన బాలునకు పోయినది ఒక అట్టముక్క. మరునాడు మరల గెలుచుకొనును. కాని మూసిన పొట్లము కొని, లోపల విలువైన చీటి యున్నదో లేదో యని గుండె దడదడలాడ విప్పుట యున్నదే, అందు లాటరీ వాసన కొంత యున్నది. ఒకటి రెండు పొట్లములు వేడుక. పదియవ పొట్లము అలవాటు. "ఇది ముందుముందు లక్షలు తెచ్చును" అని బిడ్డ యన్ననాడు, లేక పెద్దలే బిడ్డకు చెప్పిననాడు, ఆట ముగిసి బేరము మొదలైనదని యెరుగవలెను. బంగారమువలె, పొలమువలె చీట్లను ఆస్తిగా నెంచుట తగదు. చీటి విలువ ఆడుకొన్నంతవరకే. చేతులు మారుచు, అంచులు నలిగి, ఎవరితో గెలిచెనో ఎవరి కిచ్చెనో జ్ఞప్తియున్నంతవరకే.

కావున పిల్లల పెట్టె నడుగకుండ పారవేయకుడు. పెద్దవాడైన కుమారుడైనచో పండుగకు వచ్చినప్పుడు వాని యెదుట నుంచి, వాని బిడ్డలకు ఆ యాట నేర్పుమని చెప్పుడు. పది రూపాయల వెల చేయని కట్టతో ఒక సాయంకాలము ఫోను ప్రక్కకు పోవును.

మరియొక కొరత గూడ మనము తీర్పవచ్చును. ఆ క్రికెటు కట్టలలో నొక్క స్త్రీ బొమ్మయైన కనబడదు. ఆడపిల్లలు అన్నల ప్రక్క కూర్చుండి చూచిరే గాని, తమవంటివారిని ఆ చీట్లపై చూచి యెరుగరు. పెండ్లిపత్రికల అట్టలు ఇంట నెన్నో యుండును. వానిని సమముగా కత్తిరించి, పత్రికలలోని బొమ్మలంటించి, అంకెలు పిల్లలచేతనే వ్రాయింపుడు. గుంటూరు జిల్లావాడైన ఎం.ఎస్.కె. ప్రసాద్ 6 టెస్టులు, 17 ఒకరోజు ఆటలు ఆడెను. గుంటూరున పుట్టిన అంబటి రాయుడు ఒకరోజు ఆటలలో 1,694 పరుగులు చేసెను. వారి ప్రక్కన శ్రీకాకుళము ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి నుంచుడు: 2000వ సంవత్సరము, సిడ్నీ, 240 కిలోలు, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతస్త్రీ. పి.వి. సింధు నుంచుడు: 2016లో రజతము, టోకియోలో కాంస్యము. 2025 నవంబరులో ప్రపంచకప్పు గెలిచిన మహిళాజట్టులోని కడపజిల్లా బాలిక శ్రీచరణి నుంచుడు. ఈ కట్టను అచ్చువేయు కంపెనీ లేదు; దీనికి ధరల పట్టికయు లేదు. మీ యమ్మాయి "కిలోలు" అని పిలిచి మల్లీశ్వరి చీటి వేసిననాడు, అన్నల చేతిలోని చీట్లన్నియు ఆమె యొడిలో చేరును.