కంచే చేను మేసే జబ్బు

"కాల్లో ముల్లు విరిగింది, పది రోజులకు గుండె ఆగి పోయాడు" అన్న మాట పల్లెల్లో వింటూనే ఉంటాం. ముల్లుకూ గుండెకూ సంబంధమేమిటని ఆశ్చర్యపోయి, చివరకు రాత అని సరిపెట్టుకుంటాం. కాని సంబంధం ఉంది. ఆ జబ్బు పేరు సెప్సిస్.

పుండు చీము పట్టినా, నెమ్ము చేసినా, మూత్రనాళంలో క్రిములు చేరినా శరీరం వాటితో పోరాడుతుంది. ఆ పోరాటంలో తెల్ల రక్తకణాలు ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, ఇంటర్‌ల్యూకిన్-1 వంటి రసాయనాలను వదులుతాయి. మోతాదులో ఉన్నంత వరకు ఇవి మనకు కాపలా. అదుపు తప్పి ఒళ్లంతా పాకితే కంచే చేను మేసినట్లవుతుంది.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాని కండరంలో కాల్షియం కదలాలి. అప్పుడే కండరం గట్టిగా ముడుచుకుంటుంది. ఈ రసాయనాలు ఆ కదలికను దెబ్బ తీస్తాయి. వీటి వల్ల అధికంగా తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్ కండరం పట్టును సడలిస్తుంది, రక్తనాళాలను వదులు చేస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటూనే ఉంటుంది, కాని దెబ్బలో బలం ఉండదు. రక్తపోటు పడిపోతుంది.

అయినా ఆశ వదులుకోనక్కరలేదు. 1984లో అమెరికా వైద్యులు ఈ జబ్బు ముదిరి రక్తపోటు పడిపోయిన 20 మందిని పరీక్షించారు. బతికి బయటపడిన వారిలో మొదట బాగా నీరసించిన గుండె సుమారు 10 రోజుల్లో తిరిగి కోలుకుంది. ఆ పది రోజులూ మనిషిని నిలబెట్టగలగాలి. రక్తపోటు పడిపోయాక తొలి 6 గంటల్లో సరైన యాంటీబయాటిక్ ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7 శాతానికి పైగా తగ్గినట్లు 2006లో వెలువడిన మరో అధ్యయనంలో తేలింది.

మన ఊళ్లలో ఆ గంటలు ఎక్కడ పోతున్నాయి? పసరు కట్టడంలో కొన్ని, ఊళ్లోనే ఒక సూది, ఒక సెలైన్ సీసాతో కొన్ని, "తెల్లవారాక చూద్దాం" అనుకోవడంలో కొన్ని. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటున్నాం.

పుండో జ్వరమో ఉన్న మనిషికి చలి వణుకు, ఆయాసం, మాట తడబాటు, మత్తు, మూత్రం తగ్గడం, కాళ్లూ చేతులూ చల్లబడటం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ముసలివారికి జ్వరం లేకుండానే ఇది రావచ్చు. చక్కెర వ్యాధి ఉన్నవారు, బాలింతలు, పసిపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

భారమంతా ప్రజల మీద వేస్తే చాలదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రి పూట కూడా రక్తపోటు చూసే మనిషి ఉండాలి. పెద్దాసుపత్రికి పంపేముందే యాంటీబయాటిక్ తొలి మోతాదు అక్కడ ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ఆశా కార్యకర్తలకు ఈ లక్షణాలు నేర్పాలి. జిల్లా వైద్యాధికారులు ఈ మూడింటి మీద వెంటనే దృష్టి పెట్టాలి.