రంగుకన్నా ముందు బ్రేకులు

పాత పికప్‌ను ఎగ్జిబిషన్ కోసం ముస్తాబు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ సంచిక రోజూ రోడ్డెక్కే బండ్లది. 1980ల్లో మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ చిన్న ట్రక్కులు మళ్లీ తిరగాలని మా గట్టి కోరిక.

మేడ్చల్ హైవేలో లారీల మధ్య నడపాలన్నా, టెంటు వేసుకుని శామీర్‌పేట చెరువు వైపు వెళ్లాలన్నా ముందు బండి కిందికి దూరండి. స్క్రూడ్రైవర్ మొనతో చాసిస్‌ను పొడిచి చూడండి. పెచ్చులు రాలాయా, వెల్డింగ్ పని తేలేదాకా పెయింటు డబ్బా తెరవొద్దు. కమాన్లు, బ్రేకు డ్రమ్ములు, వైరింగు ఆ తర్వాత.

మరో ముఖ్య విషయం. 50 ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయిస్తే రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. నిత్యం నడిపేవాళ్లు మామూలు రిజిస్ట్రేషన్‌నే రెన్యువల్ చేయించుకోవాలి.