ఏరియా ఆసుపత్రికి అర్ధరాత్రి పరీక్ష

భద్రాచలం ఏరియా ఆసుపత్రి ఉన్నది తెలంగాణలో. వచ్చే రోగులు మాత్రం నాలుగు రాష్ట్రాల వాళ్లు. దుమ్ముగూడెం, చర్ల మండలాల వాళ్లు ఎలాగూ వస్తారు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వీఆర్‌పురం జనానికీ ఇదే దిక్కు. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట నుంచి, ఒడిశాలోని మల్కన్‌గిరి వైపు నుంచి ఆదివాసీ కుటుంబాలు రోగిని మోసుకొచ్చేదీ ఇక్కడికే. మలేరియా, పాముకాటు, రక్తహీనత, కాన్పు... ఏదైనా ముందు ఈ గడపే తొక్కాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో కుదరని వైద్యం కోసం ప్రతి మనిషీ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా పోనక్కర్లేకుండా మధ్యలో ఒక అంచె ఉండాలన్నది ఈ ఆసుపత్రుల లక్ష్యం. 1986 చట్టంతో వైద్య విధాన పరిషత్ ఏర్పడింది అందుకే. సామాజిక ఆరోగ్య కేంద్రాలు (సీహెచ్‌సీలు), ఏరియా ఆసుపత్రులు దాని కిందికి వచ్చాయి. అప్పటి నుంచీ ప్రభుత్వాలు మారినా ప్రకటన మారలేదు: ముప్పై పడకలు యాభై చేశాం, యాభై వంద చేశాం. పడకలు పెరగడం మంచిదే. కానీ ఆసుపత్రి సత్తా తేలేది రాత్రి రెండు గంటలకు.

కాన్పు సంగతే చూడండి. బిడ్డ పుట్టాక గర్భసంచి గట్టిపడకపోతే రక్తస్రావం ఆగదు. నర్సు ఆక్సిటోసిన్ ఇస్తుంది, పొత్తికడుపు మీద చెయ్యి వేసి గర్భసంచిని మర్దన చేస్తుంది. అప్పటికీ ఆగకపోతే రక్తం ఎక్కించాలి, ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. వైద్యం అందకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. అంటే సరైన గ్రూపు రక్తం ఫ్రిజ్‌లో ఉండాలి, దాన్ని సరిచూసే టెక్నీషియన్ మేలుకుని ఉండాలి, గైనకాలజిస్టూ మత్తు డాక్టరూ అందుబాటులో ఉండాలి. వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా మిగతా వాళ్లు చేయగలిగింది 108కి ఫోన్ చేయడమే. భద్రాచలం నుంచి ఖమ్మం వంద కిలోమీటర్ల పైమాటే.

లోపం మన ప్రమాణాల్లోనే మొదలైంది. 2012 నాటి జాతీయ ప్రమాణాలు సీహెచ్‌సీకి ఒక్క గైనకాలజిస్టు, ఒక్క మత్తు డాక్టరు చాలన్నాయి. వారానికి 168 గంటలు. ఒక మనిషి 48 గంటలు పనిచేస్తాడనుకున్నా, సెలవులు లెక్కేయకుండానే ముగ్గురున్నర మంది కావాలి. ఆ ఒక్క పోస్టయినా నిండిందా? 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సీహెచ్‌సీల్లో అవసరమైన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు. జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చాక స్పెషలిస్టులకు జిల్లా కేంద్రంలోనే కొలువు దొరుకుతోంది. కొత్తగూడెంలో 2022లో కాలేజీ రావడం ఆ జిల్లాకు వరమే. కానీ అడవి అంచున పనిచేసే డాక్టరుకు క్వార్టరు, పిల్లల చదువు, అదనపు జీతం, ఇన్నేళ్ల తర్వాత కోరిన చోటికి బదిలీ అన్న హామీ ఇవ్వకుండా అక్కడ నిలబడమనడం న్యాయం కాదు.

అరకొరగా నాలుగు చోట్ల ఒక్కొక్కరిని వేసే బదులు, నలుగురినీ ఒకే ఏరియా ఆసుపత్రిలో ఉంచితే రాత్రింబవళ్లు ఆపరేషన్ థియేటర్ నడుస్తుంది. చుట్టుపక్కల సీహెచ్‌సీలకు కోపం రావచ్చు, స్థానిక నాయకులు అడ్డుపడవచ్చు. అయినా అదే సరైన దారి. ఎంబీబీఎస్ డాక్టర్లకు మత్తు శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం ఎప్పటి నుంచో ఉంది. దాన్ని ఏజెన్సీ ఆసుపత్రుల కోసం గట్టిగా వాడుకోవాలి. ప్రతి ఆసుపత్రీ రాత్రి వేళ ఎన్ని సిజేరియన్లు చేసిందో, ఎందరిని ఏ కారణంతో పైకి పంపిందో నెలనెలా గేటు దగ్గర బోర్డు మీద రాయాలి.

గోదావరి సంగతి వేరే చెప్పాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అలాంటప్పుడు చుట్టుపక్కల మండలాలకు దారే ఉండదు. నెలలు నిండిన వాళ్లను మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 53 అడుగుల దాకా చూడకుండా, ముందే ఆసుపత్రి పక్కన వసతి ఇచ్చి ఉంచాలి. అలాంటి వాళ్ల జాబితాను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆశా కార్యకర్తలు కలిసి జూన్‌లోనే తయారు చేయాలి.